దూర పరుగు, ఫస్టియర్

మజ్జి పైడితల్లి ఫైలు మాయమైన రోజుకి తూర్పు సముద్ర క్రీడలు ఇంకా డెబ్భై రోజులున్నాయి.

ఆ ఫైల్లో ఉన్నది ఒకే ఒక్క కాగితం. ఈమె మారథాన్‌ని రెండు గంటల ముప్ఫై మూడు నిమిషాల్లో పూర్తి చేసింది, విదేశంలోని మిరాంగ్ నగరంలో జరిగే ఆ పోటీలకి అర్హురాలు, పంపడానికి మాకేమీ అభ్యంతరం లేదు అని క్రీడాశాఖ సంతకం పెట్టాలి. సంతకానికి అరనిమిషం చాలు. కాకపోతే ముందు కాగితం కనపడాలి.

పైడితల్లికి ఇరవై తొమ్మిదేళ్ళు. చీపురుపల్లిలో పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పాలు పోస్తుంది. నాలుగేళ్ళకోసారి వచ్చే ఈ పోటీలకి ఇప్పటికే రెండుసార్లు అర్హత సాధించింది. మొదటిసారి మడమ విరిగింది. రెండోసారి మడమ బాగానే ఉంది గానీ, ఆమె దరఖాస్తు గడువు దాటిన మర్నాడు ఆఫీసులోంచి బయల్దేరింది. ఇది మూడోసారి. నాలుగోసారి వచ్చేనాటికి ఆమెకి ముప్ఫై మూడేళ్ళొస్తాయి.

"ఈపాలి ఎల్లకపోతే ఇంక పాలే మాస్టారూ," అంది కోచ్‌తో.

కోచ్ గొర్లె సింహాచలం రిటైరైన డ్రిల్లు మాస్టారు. పద్నాలుగేళ్ళుగా ఆమెని పరిగెత్తిస్తున్నాడు. మెడలో ఈల పెళ్ళిళ్ళకి కూడా తియ్యడు. ఆయన ఆమెని వెంటబెట్టుకుని రాజధానికి బస్సెక్కాడు.

క్రీడాశాఖలో గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "ఇక్కడ లేదండీ. ఆ సబ్జెక్టు మాది కాదు," అన్నాడు.

"పరుగు మీది కాదా?"

"పరుగు మాదే. దూర పరుగు మాది కాదు."

జరిగింది ఇదీ. రెండు నెలల కింద ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి ఫైలు మీదా విషయం తెలుగులోనే రాయాలి, రెండు మాటలకి మించకూడదు. అనువాద విభాగానికి 'లాంగ్ డిస్టెన్స్ రన్నింగ్' అన్న ఫైలు వచ్చింది. మూడు మాటలు. అక్కడి సూపరింటెండెంటు భోజనం మానేసి ఆలోచించి, లాంగ్‌ని తీసేసి, డిస్టెన్స్‌కి దూరం అనీ, రన్నింగ్‌కి పరుగు అనీ పెట్టాడు. దూర పరుగు. తప్పేమీ లేదు. ఫైళ్ళు పంచే గుమాస్తా దాన్ని 'ద' అక్షరం కింద చూశాడు. దూరవిద్య, దూర పరుగు పక్కపక్కనే ఉన్నాయి. రెంటినీ ఒకే తాడుతో కట్టి దూరబోధన సంచాలకాలయానికి పంపాడు.

*

దూరబోధన సంచాలకులు డాక్టర్ వేదగిరి సర్వోత్తమం. ఆయన సంచాలకాలయంలో కొత్త కోర్సు పెట్టి పదకొండేళ్ళయింది. ఆఖరిది పుట్టగొడుగుల పెంపకం. దానికి చేరిన ఆరుగురిలో నలుగురు పుట్టగొడుగులు చూడకుండానే డిస్టింక్షన్‌లో పాసయ్యారు.

పైడితల్లినీ, సింహాచలాన్నీ చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. ప్రజల కోసం ఆయన లేవడం ఆ భవనంలో ఎవరూ ఎరగరు.

"రండి రండి! మొదటి బ్యాచ్!"

"బ్యాచ్ కాదండీ, పరుగు," అన్నాడు సింహాచలం. "మా అమ్మాయి మారథాన్..."

"తెలుసు మాస్టారూ. దూర పరుగు."

"అవునండీ. దూరం పరిగెడతాది."

"దూరం పరిగెత్తదు," సర్వోత్తమం చిరునవ్వుతో సరిదిద్దాడు. "దూరంగా పరిగెత్తుతుంది."

ఆయన బల్ల మీదున్న ఫైలు వాళ్ళవైపు తిప్పాడు.

"దూరవిద్య అంటే ఏమిటి మాస్టారూ? విద్య ఒకచోట ఉంటుంది. విద్యార్థి ఇంకోచోట ఉంటాడు. మధ్యలో పోస్టు ఉంటుంది. మరి దూర పరుగంటే? పరుగు ఒకచోట, పరిగెత్తే మనిషి ఇంకోచోట. ఇంతకాలం మన దేశంలో ఎవరికీ తట్టలేదు."

"మరి నానెక్కడుండాలండీ?" అంది పైడితల్లి.

"ఎక్కడైనా ఉండొచ్చు తల్లీ. అదే ఇందులో సౌకర్యం."

సింహాచలం పళ్ళు బిగించాడు. "అయ్యా, మాకు కోర్సొద్దు. ఒక్క సంతకం కావాలి. పేరు పంపడానికి ఇంక పదకొండు రోజులే గడువుంది."

"తప్పకుండా పంపిస్తాం. మా విద్యార్థిని కదా! చేరిన రోజే పంపిస్తాం. చేరకపోతే మాత్రం ఆవిడెవరో మాకు తెలీదు."

పైడితల్లి అక్కడే నిలబడి దరఖాస్తు నింపింది. విద్యార్హత పదో తరగతి. మాధ్యమం తెలుగు. ఐచ్ఛికాంశం అన్న చోట ఏం రాయాలో తెలియక 'పరుగు' అని రాసింది. ఆమెకి నమోదు సంఖ్య ఇచ్చారు. ఒకటి. సర్వోత్తమం మాట నిలబెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఆమె పేరు మిరాంగ్‌కి వెళ్ళిపోయింది. ఆ రాష్ట్ర చరిత్రలో గడువుకి పదకొండు రోజుల ముందు పేరు వెళ్ళిన మొదటి క్రీడాకారిణి ఆమె.

బయటికొచ్చాక సింహాచలం ఈల ఊదబోయి మానేశాడు. "ఎర్రి నాయాళ్ళయితే అయ్యారు గానీ పని జరిగింది కదేటి. పద, రేపట్నుంచి ముప్ఫై కిలోమీటర్లు."

"అమ్మాయ్!" వెనకనుంచి సర్వోత్తమం పిలిచాడు. చేతిలో ఇంకో కాగితం ఉంది. "ఇక్కడో సంతకం మర్చిపోయావు. మామూలు హామీపత్రం."

అందులో ఇలా ఉంది: 'నేను దూర పరుగు అభ్యసించు కాలమున మరెచ్చటను రెగ్యులరుగా పరుగెత్తనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.'

"ఒకే సమయంలో రెగ్యులర్‌గా ఒకటి, దూరంగా ఒకటి చెయ్యకూడదు తల్లీ. రెండు డిగ్రీలవుతాయి. తేలితే మిరాంగ్ పేరు కూడా రద్దు. మాకు స్క్వాడ్ ఉంది."

*

యాభై రెండు రోజులున్నాయి.

చీపురుపల్లి నుంచి గరివిడి మీదుగా పోయే రోడ్డు మీద స్క్వాడ్ జీపు ఆగింది. ఎదురుగా పైడితల్లి వస్తోంది. తల మీద ఐదు లీటర్ల పాలక్యాను. వేగం చూస్తే జీపుకే అనుమానం వచ్చేలా ఉంది. ఆమె వెనక మోపెడ్ మీద సింహాచలం ఉన్నాడు. ఈల చొక్కా లోపల దాచుకున్నాడు.

"ఆగు! నమోదు సంఖ్య ఒకటి కదూ? రెగ్యులర్‌గా పరిగెత్తుతున్నావా?"

"అబ్బే. పాలు పోస్తన్నానండి."

"మరి ఆ వేగమేంటి?"

"ఎండెక్కితే పాలిరిగిపోతాయండి."

"చీపురుపల్లి దాటి ఎనిమిది కిలోమీటర్లు వచ్చావు. ఇక్కడెవరికి పాలు?"

"రోజూ పోసే వాడికుందండి." ఆమె నిలబడే కాళ్ళు ఆడిస్తోంది. ఆగితే కండరాలు పట్టేస్తాయి.

"నిలబడి కూడా పరిగెత్తుతున్నావే!"

"చీమలండి."

స్క్వాడ్ అధికారి వంగి రోడ్డు చూశాడు. నిజంగానే రెండు చీమలున్నాయి. జీపులో కూర్చుని పంచనామా రాశాడు: 'అభ్యర్థిని పరుగెత్తుట లేదు. పాలు త్వరపడుచున్నవి.'

ఆ తర్వాత నెల రోజులూ ఆమె క్యానుతోనే పరిగెత్తింది. చీపురుపల్లి జనం పాలు వెన్నయి వస్తున్నాయని ఫిర్యాదు చేశారు. సింహాచలం మాత్రం సంతోషపడ్డాడు. తల కదలకుండా, భుజాలు ఊగకుండా పరిగెత్తడం ఆమెకి పద్నాలుగేళ్ళలో నేర్పలేకపోయాడు. పాలక్యాను పదిహేను రోజుల్లో నేర్పింది.

ఈలోగా పోస్టులో పాఠాలొచ్చాయి. మూడు సంపుటాలు. పేరు 'అంతర్జాతీయ పోటీలలో దూర పరుగు – చరిత్ర, సిద్ధాంతం, అన్వయం'. సంపర్క తరగతులు రెండో శనివారం నాడు విజయనగరంలో పెట్టారు. హాజరు తప్పనిసరి. విద్యార్థి ఒక్కతే. సర్వోత్తమం స్వయంగా వచ్చి, మైకు పెట్టించుకుని పాఠం చెప్పాడు.

"వెయ్యీ తొమ్మిది వందల నాలుగు. అమెరికా. ఒలింపిక్ మారథాన్. ఒకాయన పదిహేను కిలోమీటర్లు పరిగెత్తాడు, అలిసిపోయాడు. కారెక్కాడు. చాలా దూరం కార్లో ప్రయాణించి, చివర్లో దిగి, అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. అధ్యక్షుల వారి కుమార్తె పతకం ఇవ్వబోతుండగా విషయం తెలిసి అనర్హుడన్నారు. ఎందుకు? ఆ కాలానికి దూరబోధన లేదు! ఆయన తొందరపడి పుట్టాడు. పరుగు రోడ్డు మీద ఉండగా తాను కార్లో ఉన్నాడు. దూర పరుగు పితామహుడు. రాసుకో."

పైడితల్లి రాసుకుంది.

"వెయ్యీ తొమ్మిది వందల పన్నెండు. స్టాక్‌హోమ్. ఒక జపాన్ యువకుడు ఎండకి తాళలేక పరుగు మధ్యలో ఒకరి తోటలోకి వెళ్ళి, దాహం తీర్చుకుని, ఎవరికీ చెప్పకుండా వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు." ఇక్కడ సర్వోత్తమం మైకు దగ్గరికి లాక్కున్నాడు. "యాభై ఏళ్ళు దాటాక స్టాక్‌హోమ్ వాళ్ళు పిలిచారు. అరవై ఏడులో వచ్చాడు. ముసలాయన. మిగిలింది పరిగెత్తి గీత దాటాడు. యాభై నాలుగేళ్ళ ఎనిమిది నెలల ఆరు రోజులు. పెండింగు పెట్టాడు గానీ, ఫైలు క్లోజ్ చేశాడమ్మా! అదీ పరిపాలన!" కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పైడితల్లి చెయ్యెత్తింది. "అయ్యా, మొదటి ఒలింపిక్స్ పద్దెనిమిది వందల తొంభై ఆరని పుస్తకంలో ఉంది. ఆడోళ్ళకి మారథాన్ పెట్టింది వెయ్యీ తొమ్మిది వందల ఎనభై నాలుగులో అని ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళు ఏటి సేశారండీ?"

"పరిశీలనలో ఉండి ఉంటుందమ్మా."

"ఇంకోటండి. మీ పుస్తకంలో మారథాన్ నలభై రెండు కిలోమీటర్లే అనుంది. మీద నూట తొంభై ఐదు మీటర్లుండాలి కదేటి."

సర్వోత్తమం ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. "అవెలా వచ్చాయో తెలుసా? పందొమ్మిది వందల ఎనిమిదిలో లండన్లో పరుగు రాజప్రాసాదం దగ్గర మొదలెట్టి, రాజకుటుంబం కూర్చునే చోటుకి ఎదురుగా ముగించాలన్నారు. కొలిస్తే ఆ లెక్క తేలింది. తర్వాత దాన్నే ఖాయం చేశారు. అంటే అవి రాజుల కోసం పరిగెత్తే మీటర్లు. మనది ప్రజాస్వామ్యం. సిలబస్ కమిటీ ఏకగ్రీవంగా తొలగించింది."

"మరి మిరాంగ్‌లో ఉంటాయి కదండీ?"

"సిలబస్‌లో లేనివి అడగరమ్మా."

*

పంతొమ్మిది రోజులున్నాయి. దూర పరుగు ఖ్యాతి అప్పటికి సచివాలయం దాకా పాకింది.

మంత్రిగారు కోర్సుని తన ఇంటినుంచే ఫోన్లో ప్రారంభించారు. జ్యోతి వెలిగిన చప్పుడు స్పీకర్లో వినిపించారు. నెల తిరక్కుండా దూర ఈత వచ్చింది. అభ్యర్థులకి కొలను ఫొటో పంపి, గాలి బిగపట్టి చూడమన్నారు. దూర కుస్తీలో శ్రీకాకుళం మల్లుడు తన పట్టుని రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, చిత్తూరు మల్లుడు పడిపోయినట్టు రసీదు మీద సంతకం చేసి పంపాడు. గాయాల్లేవు. వైద్యశాఖ అభినందించింది.

మిరాంగ్‌కి వెళ్ళే బృందం జాబితా ఆ వారమే వచ్చింది. తొమ్మిది పేర్లు. సంచాలకులు, ఉపసంచాలకులు ఇద్దరు, స్క్వాడ్ నలుగురు, పాఠ్య రచయిత ఒకరు, పుట్టగొడుగుల విభాగం నుంచి పరిశీలకులు ఒకరు. పైడితల్లి పేరు లేదు.

సింహాచలం ఈసారి బస్సు దిగి నడవలేదు, పరిగెత్తాడు. వెనక పైడితల్లి.

"మా పిల్ల పేరేదండీ?"

"ఏ జాబితాలో?" సర్వోత్తమం నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"మిరాంగెల్లే జాబితాలో!"

"ఆవిడెందుకు వెళ్తుంది మాస్టారూ? దూర పరుగు! పోటీ మిరాంగ్‌లో, అభ్యర్థిని చీపురుపల్లిలో. మూడున్నర వేల కిలోమీటర్ల దూరం. ప్రపంచంలో ఇంత దూర పరుగు ఇంతవరకూ జరగలేదు. అక్కడ తుపాకీ పేలిన సమయానికి ఆవిడ ఇక్కడ హైస్కూలు గ్రౌండులో మొదలుపెడుతుంది. పట్టిన సమయాన్ని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించి పోస్టు చేస్తారు."

"మరి మీరు తొమ్మిదిమందీ ఎందుకండీ?" అంది పైడితల్లి.

"దూరానికి రెండు చివరలుండాలి కదమ్మా. ఒక చివర నువ్వు. ఇంకో చివర మేం."

ఇద్దరూ బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. సింహాచలం మెడలో ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి.

"నాదే తప్పమ్మా. మొదటి రోజే వీడి పీక పట్టుకోవలసింది."

పైడితల్లి కోర్సుతో పాటు ఇచ్చిన నియమావళి సంచిలో ఉంటే తీసి తిరగేస్తోంది. పదో తరగతి మూడుసార్లు రాసిన మనిషి. నియమాలంటే ఆమెకి భయం లేదు, అలవాటు.

"మాస్టారూ, పదకొండో నియమం సదవండి."

సింహాచలం కళ్ళకి దూరంగా పెట్టుకుని చదివాడు. "'అధ్యయనము దూరముగా సాగవచ్చును. పరీక్షకు మాత్రము అభ్యర్థి స్వయముగా పరీక్షా కేంద్రమునకు హాజరు కావలెను. గైర్హాజరైన ఎడల నమోదు రద్దగును.' అయితే ఏటి?"

"సదువు ఇంటికాడ. పరీచ్చకి మనిషెల్లాలి. దూరవిద్యంటే అదే కదేటి. మా పిన్ని డిగ్రీ అలగే రాసింది, బొబ్బిలెల్లి." ఆమె లేచింది. "మిరాంగ్‌లో పెట్టేది పోటీ కాదు మాస్టారూ. పరీచ్చ."

హాల్ టికెట్ దరఖాస్తులు కింద అంతస్తులో ఇస్తున్నారు. పదిహేడో గడి: 'అభ్యర్థి ఎంచుకొను పరీక్షా కేంద్రము.' పైడితల్లి పెద్ద అక్షరాలతో 'మిరాంగ్' అని రాసింది. గుమాస్తా అది పార్వతీపురం అవతల ఏదో ఊరనుకుని టైపు కొట్టాడు. వంద హాల్ టికెట్ల కట్టలో సర్వోత్తమం సంతకం పెట్టాడు. ముద్ర పడింది.

మర్నాడు దాన్ని ఆయన బల్ల మీద పెట్టారు. ఆయన రెండుసార్లు చదివాడు. బోర్లా తిప్పి చూశాడు.

"దీని మీద నా సంతకం ఉంది," అన్నాడు చివరికి.

"ఉందండి," అన్నాడు సింహాచలం. ఈల మళ్ళీ మెడలోకి వచ్చేసింది.

"నా సంతకం ఉందంటే నేను చదవలేదని అర్థం. తప్పని అర్థం కాదు." సర్వోత్తమం కుర్చీలో వెనక్కి వాలాడు. మెల్లగా మొహం వెలిగింది. "అవును... మిరాంగ్‌లో మనకి పరీక్షా కేంద్రం! విదేశంలో! అయితే నేను సంచాలకుణ్ణి కాదు, చీఫ్ సూపరింటెండెంటుని! ఎవరక్కడ? పరీక్ష గంట సర్దండి!"

పుట్టగొడుగుల పరిశీలకుడి పేరు కొట్టేసి, ఆమె పేరు రాశారు.

*

మిరాంగ్. సముద్రం పక్కన రోడ్డు. ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళు గీత వెనక నిలబడ్డారు.

పైడితల్లి తల మీద క్యాను లేకుండా చాలా రోజుల తర్వాత పరిగెత్తబోతోంది. ఒళ్ళు ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. సింహాచలం రాలేదు. ఆయన చీపురుపల్లిలో టీవీ ముందు, ఈల నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

తుపాకీ పేలడానికి రెండు నిమిషాల ముందు స్క్వాడ్ అధికారి గీత దగ్గరికి దూసుకొచ్చి, ఆమె చేతిలో సీలు వేసిన కవరు పెట్టాడు. ప్రశ్నపత్రం. 'సమయము: 3 గంటలు. మార్కులు: 100. కింది ప్రశ్నకు సమాధానమిమ్ము. 1. పరుగెత్తుము.' టోపీ పెట్టుకున్న విదేశీ రిఫరీ ఒకాయన వచ్చి ఆ అధికారిని చెయ్యి పట్టి పక్కకి తీసుకుపోయాడు.

తుపాకీ పేలింది.

పది కిలోమీటర్ల దగ్గర ఆమె పదిహేనో స్థానంలో ఉంది. నీళ్ళ బల్ల పక్కన బ్యాడ్జీ పెట్టుకున్న ఉపసంచాలకుడు అరిచాడు. "చీటీలుంటే ఇప్పుడే ఇచ్చెయ్యి! తర్వాత దొరికితే డిబారు!"

ఇరవై దగ్గర తొమ్మిది. అక్కడ ఇంకో ఉపసంచాలకుడు. "పక్కవాళ్ళని చూడకు! నీ పరుగు నువ్వు పరిగెత్తు!" జాగ్రత్తగా చూస్తే అది పనికొచ్చే సలహానే.

ముప్ఫై దగ్గర ఏడు. ఎండ రేకులా కాలుతోంది. ముప్ఫై ఐదు దగ్గర ఇద్దరు ఒకేసారి కుప్పకూలారు. ఐదు. తల కదలడం లేదు, భుజాలు ఊగడం లేదు. ఆమె మనసులో పాలు పోస్తోంది. కొత్తగుడి వీధి అయిపోయింది. స్టేషను రోడ్డు అయిపోయింది. ఇంక గరివిడి వాడిక.

నలభై ఒకటి దగ్గర నాలుగు. ముందు నీలం బనీను వేసుకున్న పొడుగాటి అమ్మాయి ఉంది. పదిహేను మీటర్లు. ఆ నీలం బనీనుని దాటితే పతకం. దాటకపోతే పాలు.

స్టేడియం గేటు కనపడింది. గేటు పక్కన నేల మీద తెల్లరంగుతో 42 అని రాసి ఉంది. దాని మీద, సూటు బూటు వేసుకుని, రెండు చేతులూ చాపి, ఒక చేతిలో ఇత్తడి గంటతో చీఫ్ సూపరింటెండెంట్ వేదగిరి సర్వోత్తమం నిలబడి ఉన్నాడు.

నీలం బనీను ఆయన పక్కనుంచి దూసుకుపోయింది. ఆ అమ్మాయి ఆయన విద్యార్థిని కాదు. ఆయన పట్టించుకోలేదు.

పైడితల్లి రాగానే ఆయన గంట కొట్టాడు. లాంగ్ బెల్.

"ఆగమ్మా! నలభై రెండు! సిలబస్ అయిపోయింది! ఇంక ఒక్క అడుగు రాసినా మాల్‌ప్రాక్టీసు!"

దారి సన్నం. అటు తాడు, ఇటు తాడు, మధ్యలో ఆయన. పక్కకి తప్పుకోవాలంటే రెండు సెకన్లు పోతాయి. ఢీకొడితే అనర్హురాలంటారు. ఆగితే ఎనిమిదేళ్ళు పోతాయి. ఆమె ఊపిరిలో ఒక్క మాటకే చోటుంది.

ముప్ఫై ఏళ్ళుగా రాష్ట్రంలో ప్రతి పరీక్షా హాల్లోనూ, చివరి అరగంటలో, ప్రతి బెంచీ మీంచీ వినపడే ఆ మాటనే ఆమె చెయ్యి పైకెత్తి అరిచింది.

"సార్! అడిషనల్!"

సర్వోత్తమం చేతులు వాటంతటవే దిగిపోయాయి. ముప్ఫై నాలుగేళ్ళ ఇన్విజిలేటరు. 'అడిషనల్' అని వినపడ్డాక ఆయన ఒంట్లో ఆలోచనకి పని లేదు. పక్కకి జరిగాడు. కోటు జేబులోంచి తెల్లకాగితం తీశాడు. పెన్ను తీశాడు. పొట్టి సంతకం గీకి తలెత్తేసరికి, అభ్యర్థిని ఎదురుగా లేదు. ట్రాక్ మీద ఉంది.

"అమ్మాయ్! షీట్ తీసుకో! దారం! దారం కట్టుకో!"

ఒక చేత్తో కాగితం, ఒక చేత్తో దారం పట్టుకుని ఆయన వెనకపడ్డాడు. దూరబోధన సంచాలకుడు దగ్గర్నుంచి పరిగెత్తడం అదే మొదలు. స్టేడియం అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ముందున్న నీలం బనీను ఆ చప్పట్లు తనకే అనుకుని వెనక్కి చూసింది. సూటు వేసుకున్న మనిషొకడు దారం పట్టుకుని తరుముకొస్తున్నాడు. ఆ అమ్మాయి అడుగు ఒక్కటి తడబడింది.

పైడితల్లి పక్కవాళ్ళని చూడలేదు. గీత చూసింది.

సిలబస్‌లో లేని నూట తొంభై ఐదు మీటర్లలో ఆమె పదిహేను మీటర్లు కలుపుకుని, ఛాతీ వెడల్పంత తేడాతో మూడోది అయింది. చీపురుపల్లిలో ఒక ఈల పావుగంట ఆగకుండా మోగింది.

సర్వోత్తమం అర నిమిషం తర్వాత గీత దాటి, ఆమె పక్కనే గడ్డి మీద కూలబడ్డాడు. ఊపిరందాక అన్నాడు.

"బాగా రాశావమ్మా. కానీ దారం కట్టలేదు."

*

కంచు పతకంతో ఇంటికొచ్చిన పదో రోజున ఆమెకి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. సింహాచలం అరుగు మీద కూర్చుని పైకి చదివాడు.

"'నమోదు సంఖ్య ఒకటికి తెలియజేయునది. మీరు నలభై రెండు కిలోమీటర్ల వద్ద నాలుగవ స్థానమున ఉన్నట్లు చీఫ్ సూపరింటెండెంటు స్వయముగా గమనించి ఉన్నారు. అటు పిమ్మట నూట తొంభై ఐదు మీటర్లు అదనపు పత్రముపై పరుగెత్తినట్లు తెలియుచున్నది. సదరు పత్రము మూలపత్రమునకు దారముతో కట్టబడనందున మూల్యాంకనమునకు స్వీకరించబడలేదు. కావున మీరు సదరు నూట తొంభై ఐదు మీటర్లలో అనుత్తీర్ణులైనారు.'"

ఆయన ఉత్తరం ఒళ్ళో పడేశాడు. మొహం ఎర్రబడింది. "ఫెయిలంట! కంచు తెచ్చిన పిల్ల ఫెయిలంట! ఉండు, ఈపాలి ఆ గంటే తీసి ఆడి..."

"ఇంకా ఉంది మాస్టారూ. కింద సదవండి."

"'సప్లిమెంటరీ పరీక్ష రాయు అవకాశము కలదు. ఉత్తీర్ణులగు వరకు ఎన్ని పర్యాయములైనను హాజరు కావచ్చును. నియమము పదకొండు వర్తించును. దరఖాస్తు జతపరచడమైనది.'"

పైడితల్లి ఆ దరఖాస్తు అందుకుంది. పెన్ను అడిగింది. పేరు, నమోదు సంఖ్య, మాధ్యమం చకచకా నింపేసింది. పదిహేడో గడి దగ్గర ఆగింది.

"మాస్టారూ, వచ్చే ఏడాది ప్రపంచ పోటీలెక్కడ?"

సింహాచలం ఆమె వైపు చూశాడు. దరఖాస్తు వైపు చూశాడు. కోపం దిగిపోవడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత ఆ ఊరి పేరు చెప్పాడు. ఆమెకి నోరు తిరగలేదు. ఆయన ఒక్కో అక్షరం పలుకుతుంటే ఒక్కో అక్షరం రాసింది. కాగితం మడిచి కవర్లో పెట్టి, క్యాను తలకెత్తుకుని, గరివిడి రోడ్డెక్కింది.

సింహాచలం మోపెడ్ స్టార్ట్ చేసి పక్కకొచ్చాడు.

"ఒలే పైడీ, ఒకటే భయంగా ఉందే."

"ఏటి మాస్టారూ?"

"అక్కడ కూడా ఆడు దారం పట్టుకుని ఎనకాలే వస్తాడు. అందకుండా పరిగెట్టు. కట్టించుకున్నావో, పాసైపోతావు."